పదో అంశం, పదకొండో అంశం

స్నానాల గదిలోంచి "నా బూడిదరంగు చొక్కా ఇస్త్రీ అయిందా?" అని భర్త కేక పెట్టేసరికి ఆమె ఆ చొక్కా కాలరు మీదే ఇస్త్రీపెట్టె తిప్పుతోంది. చెయ్యి చొక్కా మీద ఉందే గానీ మనసు ఒక్కచోట నిలవడం లేదు. ఇవాళ పదకొండు గంటలకి పురపాలక సంఘం సర్వసభ్య సమావేశం. అందులో సమానత్వ ప్రగతి నివేదిక చదవాల్సింది ఆమే. మూడేళ్ళుగా రాసిపెడుతున్నది ఆమే అయినా, మైకు ముందు నిలబడి చదవమనడం ఇదే మొదలు. "సమానత్వం గురించి ఆడమనిషి చదివితే బావుంటుందమ్మా, ఫొటో కూడా నిండుగా వస్తుంది" అన్నాడు సూపరింటెండెంటు. కాలరు ఒక పక్క మడత పడింది. నీళ్ళు చల్లి మళ్ళీ రుద్దింది.

"సాయంత్రం మా ఆఫీసువాళ్ళు నలుగురొస్తున్నారు, గుర్తుందిగా?" అన్నాడు భర్త తల తుడుచుకుంటూ. "చదవడమేగా, పావుగంట పని. చదివేసి సెలవు పెట్టి వచ్చెయ్."

"ఇవాళ కుదరదండీ."

ఆయన తల్లి వైపు తిరిగాడు. "చూశావా అమ్మా? ఉద్యోగం చేస్తానంటే ఏనాడైనా వద్దన్నానా నేను?"

పదమూడేళ్ళుగా ఇదే మాట. ఆయన వద్దనకపోవడం ఈ ఇంట్లో జరిగిన మహోపకారం, చుట్టాలొచ్చినప్పుడల్లా దాన్ని బయటికి తీసి చూపిస్తుంటారు. "వాడు నీకెంత స్వేచ్ఛ ఇచ్చాడమ్మాయ్!" అంది అత్తగారు పేపరు తిప్పుతూ. ఇచ్చాడట! ఆయన జేబులో ఉన్నదేదో తీసి ఈమె చేతిలో పెట్టినట్టు! పొద్దున్న ఐదింటికి లేచి నాలుగు డబ్బాలు సర్ది, పిల్లకి జడలేసి, ఈ చొక్కా ఇస్త్రీ చేసి, ఆ తర్వాత పరిగెత్తుకెళ్ళి బస్సెక్కే స్వేచ్ఛ. ఒళ్ళు మండిపోయింది. పైకి మాత్రం "తొడుక్కోండి, వేడిగా ఉంది" అంది.

బస్సులో నిలబడ్డా అదే గోల బుర్రలో. అసలు ఈ తంతు ఎలా మొదలైందో తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. మూడేళ్ళ కిందట పైనుంచి ఒక ఫారం వచ్చింది. మీ సంఘంలో ఎన్ని విభాగాలకి స్త్రీలు అధిపతులు? మూడుకి తక్కువైతే సంజాయిషీ రాయండి. చూస్తే ఉన్నది ఇద్దరే. సాయంత్రం ఐదింటికల్లా ఫారం వెళ్ళిపోవాలి. సూపరింటెండెంటు తల గోక్కుని, గోక్కుని, ఈమె వైపు చూశాడు. అప్పుడే జనన మరణాల విభాగాధిపతి రిటైరయ్యాడు, కుర్చీ ఖాళీ. "ఇన్‌ఛార్జి విభాగాధిపతి అని నీ పేరు వేసెయ్యమ్మా. కాగితం మీదేలే, కంగారుపడకు." ఆమే వేసుకుంది. తన చేత్తో టైపు చేసుకుంది, పిచ్చిది!

కాగితం మీద పదవి వచ్చింది, పని మాత్రం నిజంగానే వచ్చిపడింది. పుట్టినవాళ్ళ పత్రాలు, పోయినవాళ్ళ పత్రాలు, తప్పుల దిద్దుబాట్లు, కౌంటరు దగ్గర ఏడ్చేవాళ్ళు, అరిచేవాళ్ళు, అందరూ ఆమె నెత్తినే. సంతకం మాత్రం సూపరింటెండెంటుది. విభాగాధిపతి గదిలో పాత కుర్చీలు పేర్చారు. ఆమె బల్ల ఎప్పటిలాగే స్త్రీల విశ్రాంతి గది పక్కన. ఆ విశ్రాంతి గదికీ తాళమే, లోపల ఎన్నికల పెట్టెలున్నాయి. నివేదికలో దాని ఎదురుగా "సాధించాం" అని ఉంటుంది. చక్రాల కుర్చీల కోసం కట్టిన వాలుదారికీ "సాధించాం." దాని మీద సభ్యుల మోటారు సైకిళ్ళు నిలబెడతారు, అది వేరే సంగతి.

ఆఫీసు మెట్ల దగ్గర ఊడుస్తున్న పనావిడ ఆమెని ఆపింది. "మేడంగారూ, నన్నేదో సమానత్వం కమిటీలో వేశారట కదా? నిన్న సంతకం పెట్టించుకున్నారు. ఎప్పుడు జరిగిందండీ మీటింగు?"

"నువ్వెప్పుడు సంతకం పెట్టావో అప్పుడే జరిగిందమ్మా."

పనావిడ పకపకా నవ్వింది. ఆమె కూడా నవ్వబోయింది. రాలేదు. కమిటీ కార్యదర్శి తనే కదా! ఆ మీటింగుల మినిట్స్ పుస్తకం రాసింది తనే. ఇన్నాళ్ళూ తనకి అన్యాయం జరిగిందనే అనుకుంది, ఆ అన్యాయానికి శుభ్రంగా మార్జిన్లు పెట్టి టైపు చేసిన చెయ్యి తనదే అని ఇప్పుడు తట్టింది. ముఖం కందిపోయింది.

ఇక అసలు సంగతి. ఇవాళ్టి అజెండాలో పదో అంశం ఆమె చదివే నివేదిక. పదకొండో అంశం, "ఖాళీగా ఉన్న జనన మరణాల విభాగాధిపతి పదవిలో" ఒకతన్ని నియమించడం. ఆమె కన్నా నాలుగేళ్ళు వెనక చేరినవాడు. పత్రం మీద తేదీ ఎక్కడ వెయ్యాలో ఇప్పటికీ ఆమెనే అడుగుతాడు. పదో అంశంలో ఆ కుర్చీలో ఆమె ఉంది, పదకొండో అంశంలో అది ఖాళీ! రెండు పేజీలూ ఆమే టైపు చేసింది, సూపరింటెండెంటు సంతకం పెట్టాడు, ముప్ఫైమంది సభ్యులకి పంచారు. ఒక్కళ్ళకీ కనబడలేదు. నివేదికలో ఉన్నది మనిషని ఎవరూ అనుకోరు కాబోలు.

నిన్న ధైర్యం చేసి సూపరింటెండెంటుని అడిగింది. "మూడేళ్ళుగా చేస్తున్నాను కదండీ, నా పేరు పంపొచ్చు కదా?"

"నీకెందుకమ్మా ఆ తలనొప్పి? ఇల్లు, పిల్ల..." అని, కాస్త ఆగి, "బదిలీల జాబితా కూడా నా దగ్గరే ఉంది. ఊరి చివరి ఉపకార్యాలయంలో మనిషి కావాలంటున్నారు" అన్నాడు.

ఊరి చివరంటే మూడు బస్సులు. భర్త ఏమంటాడో అక్షరంతో సహా తెలుసు. "అంత కష్టపడ్డం దేనికి, మానెయ్. నేనేమైనా చెయ్యమన్నానా?" వద్దనని మనిషి వద్దనకుండానే మాన్పించేస్తాడు.

సమావేశం మొదలైంది. తొమ్మిది అంశాలూ గడగడా అయిపోయాయి. ఆమె అరచేతులు చీరకి తుడుచుకుంటూ వెళ్ళి మైకు ముందు నిలబడింది. సూపరింటెండెంటు పక్కనే, ఫొటోకి అందేంత దూరంలో. ముందుమాట చదివింది. వాలుదారి దాటింది. విశ్రాంతి గది దాటింది. "స్త్రీలు అధిపతులుగా ఉన్న విభాగాలు..." అని చదువుతూ ఆగింది. ఎవరో దగ్గారు.

"రెండు" అంది.

"మూడు, మూడు" అని సూపరింటెండెంటు పక్కనుంచి గొణిగాడు. మైకు అదీ అందుకుంది.

"రెండేనండీ."

అధ్యక్షుడు కళ్ళజోడు పైకి నెట్టి కాగితంలోకి చూశాడు. "ఇక్కడ మూడని ఉందేవిటమ్మా? జనన మరణాల విభాగం ఎవరు చూస్తున్నారు?"

"నేనేనండీ. మూడేళ్ళుగా."

"మరింకేం? మూడోవారు మీరే కదా!"

సూపరింటెండెంటు మైకు కోసం చెయ్యి చాపాడు. ఆమె మైకు వదల్లేదు. మూడు బస్సులూ, భర్త ముఖమూ, కౌంటరు దగ్గర నిలబడ్డ జనమూ అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. ఏమైతే అది కానీ అనుకుంది.

"ఈ పేజీ ప్రకారం నేనేనండీ. తిప్పితే వచ్చే పేజీ ప్రకారం ఆ కుర్చీలో ఎవరూ లేరు. రెండూ నేనే టైపు చేశాను, తప్పు నాది కూడా. ఏది అబద్ధమో సభవారు చెప్పండి, ఇక్కడే చింపేస్తాను."