ఆదివారాలు చూసిన ఇల్లు

ఇల్లు మారదామని మేం మొదట్లో నిజంగానే అనుకున్నాం. నా తరఫున ఆ ఒక్క ముక్కా చెప్పుకోనివ్వండి, తర్వాతదంతా నా తప్పే.

మాది రేకుల ఇల్లు. ఎండాకాలం మధ్యాహ్నం లోపల కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. అందుకని ఆదివారం అన్నం తినగానే నేనూ, మా ఆవిడా, మా అమ్మాయీ అద్దె బోర్డులు వెతుక్కుంటూ బయల్దేరేవాళ్ళం. రెండు వారాలు తిరిగేసరికి మా తాహతుకు ఏ ఇల్లూ అందదని తేలిపోయింది. అయినా తిరగడం మానలేదు. వెళ్ళిన ప్రతిచోటా ఫ్యాను వేసేవారు, చల్లటి నీళ్ళిచ్చేవారు, కూర్చోమనేవారు. పైసా ఖర్చులేని షికారు. పిలిచి పెళ్ళికి తీసుకెళ్ళినా ఇంత మర్యాద జరగదని మా ఆవిడ నవ్వేది.

నేను వడ్రంగిని. జేబులో టేపు ఎప్పుడూ ఉంటుంది. గుమ్మం కొలిచి, కిటికీ రెక్క తట్టి చూసి, బీరువా పడుతుందనేవాణ్ణి. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. అతకడం నాకు చేతనైన పనే కదా.

అలా టీచరమ్మ ఇంటికి వెళ్ళాం. బడిలో పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన ఆవిడ, ఒంటరి మనిషి. నెలాఖరుకి చెల్లెలికి తుంటి ఎముక ఆపరేషనట. అప్పటికల్లా వెళ్ళి దగ్గరుండాలి, ఇంట్లో నమ్మకమైనవాళ్ళని పెట్టిగానీ కదలలేనని మొదటి రోజే చెప్పింది. ముందుగదిలో ఒక గోడంతా పుస్తకాలు. మా అమ్మాయి పుస్తకాల పురుగు, ఇంట్లో 'పురుగూ' అనే పిలుస్తాం. అది లావుపాటి కథల పుస్తకం ఒకటి తీసి నేలమీద చతికిలబడింది. గంటయ్యాక లేవమంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంకా సగమైనా కాలేదట.

పుస్తకం ఇమ్మని అడగడానికి నాకు నామోషీ. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు చెయ్యి చాచడమా? అంతకన్నా, వచ్చే ఆదివారం వచ్చి సరిగ్గా కొలుచుకుంటాం అనడం తేలికనిపించింది. అదే అన్నాను.

రెండోసారి వంటగది కొలిచాను. పురుగు చదువుకుంది. మా ఆవిడ ఊరుకోక, పక్కగదికి లేత ఆకుపచ్చ రంగు వేస్తే పిల్లకి బాగుంటుందని ఒక మాట విసిరింది. నేనూ పెద్దమనిషిలా తలూపాను.

మూడో ఆదివారం గుమ్మంలో అడుగు పెట్టగానే రంగు వాసన. పక్కగది లేత ఆకుపచ్చగా ఉంది. రంగులవాడు పై సగం వేసి మళ్ళీ రాకపోతే కింది సగం తనే వేశానని, భుజం లాగుతోందని టీచరమ్మ నవ్వుతూ చెప్పింది. ఆసుపత్రిలో పనిచేసే నర్సు ఒకావిడ అడ్వాన్సు పట్టుకొస్తే, మీకు మాటిచ్చినట్టే కదా అని పంపేశానంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ క్షణంలోనైనా నిజం చెప్పాలి. చెప్పకపోగా, చెయ్యి దానంతటది టేపు తీసి కిటికీ కొలవడం మొదలుపెట్టింది.

అప్పుడే పురుగు పుస్తకం మూసింది.

"అయిపోయింది నాన్నా. ఇంక ఇక్కడికి రానక్కర్లేదుగా?"

దాన్నేమనగలను? పుస్తకం అయ్యేదాకానే వెళ్దామని మేం ఇంట్లో అనుకున్న మాటే అప్పజెప్పింది. టీచరమ్మ నావైపు చూసింది, నా చేతిలో టేపువైపు చూసింది. ఇక దాచడానికేముంది, మొదటినుంచీ జరిగిందంతా తలెత్తకుండా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే పడి, కాస్త తేలికపడి ఇంటికి పోయేవాణ్ణి.

ఆవిడ మాత్రం, "పుస్తకం కావాలని అడిగితే ఇచ్చేదాన్ని కదయ్యా" అంది.

నర్సు నంబరు ఉంటే నేనే మాట్లాడతానన్నాను. కాగితం తెచ్చిచ్చింది. తప్పు మాదేనని, ఇల్లు ఖాళీగానే ఉందని నర్సుకి చెప్పాను. నిన్ననే వేరేచోట సామాను దింపుకున్నామందావిడ. పోనీ మీరు చెల్లెలి దగ్గరికి బయల్దేరండి, ఇల్లు చూడ్డానికి ఎవరొచ్చినా నేను దగ్గరుండి చూపిస్తాను అని టీచరమ్మతో మొదలుపెట్టాను. అంటే తాళాలు నాకిమ్మని అడుగుతున్నానన్నమాట. అది తట్టి మాట మధ్యలోనే మింగేశాను.

మేం బయట చెప్పులు వేసుకుంటుంటే, లోపల చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతోంది. ఆపరేషన్ రోజుకి రాలేనని, ఆసుపత్రికి పక్కింటివాళ్ళనెవరినైనా తోడు తీసుకెళ్ళమని చెబుతోంది. అవతల నుంచి ఎందుకని అడిగినట్టున్నారు.

"ఒకళ్ళు వచ్చారే. మంచివాళ్ళే. పాపం, వాళ్ళకే వీలు పడలేదు."

మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పిల్ల చెయ్యి పట్టుకుని, గేటు కూడా వెయ్యకుండా వీధిలోకి వచ్చేశాను.