బ్యాగుల దగ్గర మనిషి

"నువ్విక్కడ కూర్చో, మేం ఇట్టే చూసి వచ్చేస్తాం" అన్నారు మా ఆయన, కోట గుమ్మం ముందు తన బ్యాగు నా ఒళ్లో పెడుతూ. ఈ ప్రయాణంలో నాకు బాగా కంఠతా వచ్చిన మాట అదే. పక్షులు దిగే చెరువు దగ్గర పడవలో చోటు చాలలేదు, నేను ఒడ్డున ఉండిపోయాను. మ్యూజియంలోకి సంచులు రానివ్వమన్నారు, నేనూ సంచులూ బయట ఉండిపోయాం. నాటకానికి వెళ్లిన సాయంత్రం ఆడపడుచు కొడుకు నిద్రకి ఏడిస్తే వాణ్ని భుజాన వేసుకుని వరండాలో తిరిగాను. "అబ్బ, నువ్వు చూసుండాల్సింది వదినా" అన్నాడు మా మరిది బయటికొచ్చి. ఒళ్లు మండింది. అయినా నవ్వాను. ఎప్పుడూ చేసే పని అదేగా.

నిజానికి ఈ కోట చూద్దామన్నది నేను. బళ్లో డ్రాయింగు చెప్తాను. పిల్లల పుస్తకంలో ఈ కోట లోపలి గోడ మీద చెక్కిన ఏనుగుల వరస బొమ్మ ఉంది. అన్నీ ముందుకి నడుస్తుంటే చివరిది మాత్రం తల వెనక్కి తిప్పి చూస్తూ ఉంటుంది. బొమ్మ సరిగ్గా అక్కడ అయిపోతుంది. ఏటా ఎవరో ఒక పిల్ల లేచి "అది దేన్ని చూస్తోంది టీచర్?" అని అడుగుతుంది. చూసొచ్చి చెప్తానంటాను, ఏటా అదే అబద్ధం. అందుకే సెలవులకి ఎటు వెళ్దామని మాటొచ్చినప్పుడు ఈ ఊరి పేరు ఎత్తాను. గదులు వెతికాను, అడవిలోకి తీసుకెళ్లే జీపుకి ముందుగా టికెట్లు తీశాను, అందరి మందులూ సర్దాను. మా ఆయన ఫోన్లో స్నేహితుడితో "ఈసారి మావాళ్లందర్నీ తిప్పుకొస్తున్నాన్రా" అన్నారు. పోనీలే, ఆ ఏనుగు కనిపిస్తే చాలనుకున్నాను.

"మీరొచ్చాక నేనొక్కదాన్నీ వెళ్లొస్తానండీ" అన్నాను.

"టైముంటే చూద్దాంలే. రాళ్లేగా, ఎక్కడికి పోతాయి" అన్నారు.

అత్తగారు మోకాళ్ల నొప్పులని నా పక్కన కూలబడ్డారు. మావయ్యగారు బతికుండగా ఆయనతో ఊళ్లన్నీ తిరిగిన మనిషి. "ఏం చూశారత్తయ్యా అప్పట్లో?" అని అడిగాను, ఊరికే, పొద్దుపోక. ఆవిడ మోకాలు రాసుకుంటూ చెప్పారు. "ఒకచోట గుమ్మం ముందు మంచి నీడ ఉండేదే. ఇంకోచోట కుళాయి నీళ్లు చల్లగా ఉండేవి. ఒకచోట బల్ల కూడా లేదు, మెట్ల మీదే కూర్చున్నాను." అంతే. చెప్పడానికి ఇంకేమీ లేదు ఆవిడ దగ్గర. ఎవరో ఒకరు కూర్చోవాలి కదమ్మా అని నా చెయ్యి తట్టి, ఎండగా ఉంది, కార్లో నడుం వాలుస్తానని లేచి వెళ్లారు.

నీడ జరిగింది. నేనూ బ్యాగులతో పాటు జరిగాను. ఎంతకీ ఎవరూ రాకపోతే టికెట్లు చింపే ఆయన్ని అడిగాను. "మీవాళ్లా? వెనక గేటుకి కార్లు తెప్పించుకుని వెళ్లిపోయారే. జీపు టైమైపోతోందని ఒకటే హడావిడి" అన్నాడు.

రెండు కార్లు మావి. నేను ఆడపడుచు వాళ్ల కార్లో ఉన్నాననుకుని ఉంటారు మా ఆయన. మా ఆయన కార్లో ఉన్నాననుకుని ఉంటుంది ఆడపడుచు. కార్లో నడుం వాల్చిన అత్తగారికి నిద్ర పట్టేసి ఉంటుంది. నా కన్నకూతురు కూడా అలాగే అనుకుని ఉంటుంది. ఫోను తీశాను. నేను చేస్తే పరుగున వచ్చేస్తారు, ఇంత మతిమరుపేమిటని ఒకళ్లనొకళ్లు కసురుకుంటారు, చివరికి నువ్వయినా ఓ ఫోను కొట్టలేకపోయావా అని తప్పు నా మీదికి తెస్తారు. ఫోను లోపల పెట్టేశాను. చూద్దాం, ఎప్పటికి గుర్తొస్తానో. ఎదురుచూసినకొద్దీ ఏడుపొచ్చింది. నా ముసలితనంలో ఎవరైనా అడిగితే నేనూ ఈ నీడ గురించే చెప్పాలి కదా అనిపించింది. టికెట్టు కొనుక్కుని లేచాను.

"అమ్మా, బ్యాగులు" అన్నాడాయన.

"ఉండనీయండి" అన్నాను.

లోపలి గోడ దగ్గర ఎవరూ లేరు. ఏనుగులు నేననుకున్న దానికన్నా చిన్నవి. ఒక్కొక్కదాన్నీ చూసుకుంటూ చివరిదాని దగ్గరికి వచ్చాను. దాని వెనక రాయి విరిగిపోయింది. అది చూస్తున్నదేమిటో అక్కడ లేదు, ఎన్నడు పోయిందో తెలియదు. పిల్లలకి చెప్పడానికి ఇప్పుడు అబద్ధం కూడా మిగల్లేదు. గోడకి చేరగిలబడి బాగా ఏడ్చాను. ఏనుగు కోసమని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. ఒక్కటి మాత్రం అనిపించింది, వరసంతా వెళ్లిపోతున్నా అది ఆగి చూసింది.

అప్పుడు ఫోను మోగింది.

"నువ్వు చెల్లి వాళ్ల కార్లో లేవా?"

"లేను."

"మరి బ్యాగులు నీ దగ్గరేగా? నా కెమెరా లెన్సు అందులోనే ఉండిపోయింది. జీపు బయల్దేరిపోతుంది ఇక్కడ. ఏదైనా ఆటో మాట్లాడుకుని తొందరగా తెచ్చెయ్."

మా ఆయన గొంతులో కంగారు నిజమైనదే. కళ్లు తుడుచుకున్నాను.

"బ్యాగులు గుమ్మం ముందు బెంచీ మీద పెట్టొచ్చానండీ. నేను లోపలున్నాను, చూడాల్సింది ఇంకా చాలా ఉంది. వాటి దగ్గర మనిషి కావాలంటే మీరొచ్చి కూర్చోండి."