సుబ్బలక్ష్మమ్మ ఒంటి ఉడుకు

సాదలిలో పట్టుపురుగులు పెంచే వాళ్లందరికీ సుబ్బలక్ష్మమ్మ ఒంటి మీద నమ్మకం. పురుగుల గదిలో రెండు నిమిషాలు నిలబడితే చాలు, లోపల వేడి ఎక్కువైందో, చలి ఎక్కువైందో చెప్పేసేది. మెడ వెనక ఒక రకంగా ఉంటే కిటికీ తీయాలి, మోచేతుల దగ్గర ఇంకో రకంగా ఉంటే కుంపటి పెట్టాలి. ఎలా తెలుస్తుందని అడిగితే, ఆకలి ఎలా తెలుస్తుందో ఇదీ అలాగే అనేది. ముప్పై ఏళ్లలో ఆ ఒళ్లు ఒక్క పంట కూడా చెడగొట్టలేదు. అందుకే కోడలు నయన పురుగుల గదిలో వేడి చూపే డిజిటల్ మీటరు తగిలించిన రోజు, గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుంది అనుకుని నవ్వుకుంది.

జనవరిలో పురుగులు నాలుగో జ్వరానికి కూర్చున్నాయి. చర్మం మార్చుకోవడానికి మేత మానేసి, తల ఎత్తి కదలకుండా ఉండే ఆ ఒక్క రోజును అక్కడ జ్వరమంటారు. అప్పుడు చలిగాలి తగిలితే పంట చేతికొస్తుందన్న ఆశ వదులుకోవాల్సిందే.

ఆ పొద్దున గదిలో అడుగుపెట్టగానే సుబ్బలక్ష్మమ్మకు గుండెల దగ్గర మొదలైన వేడి చెవుల దాకా ఎక్కింది.

"కిటికీలు తెరువు నయనా. లోపల మండిపోతాండాది."

నయన స్వెటర్ చేతులు కిందికి లాక్కుంటూ మీటరు వైపు చూసింది. "ఇరవై నాలుగు చూపిస్తాండాది అత్తా. సరిగ్గానే ఉండాది."

"మీటరుకు ఒళ్లుండాదా? నాకుండాది."

నాలుగు కిటికీలూ తనే తెరిచింది. ఆమె భర్త మునినారాయణ వివేకం గల మనిషి. పెళ్లానికీ కోడలికీ మధ్య తీర్పు చెప్పే పని పెట్టుకోకుండా, కొడవలి తీసుకుని మల్బరీ తోటకు వెళ్లిపోయాడు.

మరునాటికి సగం పురుగులు జ్వరం నుంచి లేచాయి, సగం లేవలేదు. ఆ ఇంట్లో ఎప్పుడూ అలా జరగలేదు. నయన వెళ్లి నాలుగు కిటికీలూ మూసేసింది.

"ఆ మీటరు తప్పు చూపిస్తాండాది. చింతామణికి పోయి మంచిది తెస్తా" అంది సుబ్బలక్ష్మమ్మ. మీటరు తప్పు చూపిస్తే పురుగులు ఎందుకు లేవలేదని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

బస్సు ఎక్కిన కాసేపటికి మళ్లీ అదే వేడి. జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. బస్సు కిటికీ అద్దం బర్రున వెనక్కి లాగింది.

"అమ్మా, చంటిబిడ్డుండాడు. మూయమ్మా, చలి" అంది పక్కనామె.

సుబ్బలక్ష్మమ్మ తల తిప్పి చూసింది. శాలువాలు, మంకీ క్యాపులు, చెవుల చుట్టూ తువ్వాళ్లు. పక్కనామె చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఇంత మందికీ చలి. ఉడుకు తనొక్కదానికే.

అద్దం మూసింది. సిగ్గేసింది, ఆ వెనకే భయమేసింది. కంచే చేను మేస్తే ఇక ఎవరిని నమ్మాలి? చింతామణిలో దిగి, అంగడి వైపు పోకుండా తిరుగు బస్సు ఎక్కింది.

ఇంటికొచ్చేసరికి నయన లేచిన పురుగులను వేరే తట్టల్లోకి తీసి మేత వేస్తోంది.

"ఉడుకు గదిలో లేదు నయనా, నాలో ఉండాది" అంది సుబ్బలక్ష్మమ్మ.

నయన తట్ట కింద పెట్టింది. "ముట్టు నిలిచి ఎన్నాళ్లాయ అత్తా?"

"దసరా నుంచి లేదు."

"మా అమ్మకూ ఇట్లే వచ్చినాది. రెండేండ్లుండి తగ్గిపాయ."

"అంటే రెండేండ్లు నేను గదిలోకి రాకూడదా?" అంది సుబ్బలక్ష్మమ్మ. ఆ గది లేకపోతే తనెవరో ఆమెకు తెలియదు.

"ఎందుకు రాకూడదు? ఉడుకు తెలిసినప్పుడు నా చెయ్యి పట్టుకోండి. నాకూ చెమట పట్టుంటే ఉడుకు గదిది. లేకుంటే మీది."

మీటరు చూడమని చెప్పనందుకు సుబ్బలక్ష్మమ్మకు కోడలి మీద ప్రేమ పొంగింది. పైకి మాత్రం, ఆకు సమంగా పరచలేదని విసుక్కుంది.

వెనకబడ్డ పురుగులు సాయంత్రానికి ఒకటొకటిగా లేచాయి. వాటికి మేత వేస్తుండగా మళ్లీ వేడి కమ్ముకొచ్చింది. అలవాటుగా చెయ్యి కిటికీ గడియ మీదికి పోయింది. ఆగి, నయన మణికట్టు పట్టుకుంది. చల్లగా ఉంది.

గడియ వదిలేసి బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది. తోట నుంచి వస్తున్న మునినారాయణ కంగారు పడ్డాడు.

"ఏమాయ? గదిలో ఉడుకెక్కినాదా?"

"గదికేం, బాగుండాది. ఉడుకు నాకు. పోయి చల్లని నీళ్లు తే."

పెళ్లయినప్పటి నుంచీ ఆమె తనకోసం ఏదీ తెమ్మనలేదు. ఆయన కొడవలి పక్కన పడేసి లోపలికి నడిచాడు. సుబ్బలక్ష్మమ్మ భుజాల మీది కొంగు వదులు చేసుకుంది. చెమట పట్టిన వీపుకు గాలి తగిలింది. ఆ గాలి పురుగులకు మంచిదా కాదా అని ఆమె ఆలోచించలేదు. హాయిగా ఉంది.