పన్నెండు ముద్రల కర్ర

మా అక్క కర్ర మీద పన్నెండు ముద్రలున్నాయి. నా కర్ర మీద తొమ్మిది. యాత్ర ముగించుకుని విమానాశ్రయానికి వచ్చేదాకా నా కళ్ళు ఆ మూడింటి మీదే ఉన్నాయి.

ఆ కొండదారిలో నడిచేవాళ్ళకు బయల్దేరే చోటే కర్ర ఇస్తారు. మనిషిని నిలబెట్టి మణికట్టు ఎత్తుకు కొలిచి కోస్తారు. మజిలీ మజిలీకీ ఎర్రగా కాల్చిన ఇనుప ముద్రను దాని మీద కింది నుంచి పైకి వేసుకుంటూ పోతారు. నాకు ఆరో మజిలీలో కాలు బొబ్బలెక్కింది. మూడు మజిలీలు బస్సులో వెళ్ళాను. బస్సులో వచ్చినవాళ్ళకు ముద్ర వెయ్యరు. అక్కకు బొబ్బలు కాదు కదా, చెప్పు కూడా అరగలేదు.

చిన్నప్పటి నుంచీ అంతే. బడిలో మొదటి ర్యాంకు అక్కది, పొడుగు అక్కది, ఆసుపత్రిలో హెడ్ నర్సు ఉద్యోగం అక్కది. నేను అమ్మ కుట్టుమిషను మీదే బట్టలు కుట్టుకుంటూ అమ్మ దగ్గరే ఉండిపోయాను. అయినా ఎవరేం అడిగినా అమ్మ అనేది ఒకటే మాట, "పెద్దదాన్ని అడగండి" అని. కడుపు మండదా మరి?

అమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. ఇక లేచి నడవమన్నారు డాక్టర్లు. కొన్న కర్ర ముట్టనంటే ముట్టనంది అమ్మ. "మీరు నడిచి తెచ్చిన కర్రయితే పట్టుకుంటా" అంది. అందుకే వెళ్ళాం. అమ్మ చేతిలో ఎవరి కర్ర ఉంటుందన్నదే నా బాధంతా. రెండూ పక్కపక్కన పెడితే అమ్మ ఏది తీసుకుంటుందో నాకు తెలుసు.

పెట్టెలు బెల్టు మీద వెళ్ళిపోయాక, తనిఖీ దగ్గర ఉద్యోగి మా కర్రలు చూసి తల అడ్డంగా ఊపాడు.

"కర్ర లేకపోతే నడవలేనివాళ్ళకే అనుమతి. మీలో ఎవరికి అవసరం?"

"మా చెల్లికండీ, కాలు బాగాలేదు," అంది అక్క. తన కర్ర నా చేతిలో పెట్టింది. "నీది నువ్వు తీసుకెళ్ళు పొట్టీ. నాది ఆ బుట్టలో పడెయ్. అమ్మకు ఒకటుంటే చాలు కదా."

కనీసం ముఖమైనా మాడ్చుకోలేదు. వదులుకోవడంలో కూడా తనే ఫస్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క అవతలి వరసలో ముందుకు వెళ్ళగానే నా తొమ్మిది ముద్రల కర్రను బుట్టలో వేసి, పన్నెండు ముద్రలది పట్టుకున్నాను.

నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి అందరికంటే ముందు విమానం ఎక్కించారు. కర్ర తీసుకుని ముందున్న అరలో పెట్టారు. అక్క సీటు వెనకెక్కడో. దిగేటప్పుడు, కర్ర ఇంకా నా చేతికి రాకముందే, డ్యూటీకి టైమైందని తన పెట్టె కూడా నన్నే తీసుకోమని చెప్పి పరుగెత్తింది. ఇంటికి వచ్చే దారంతా నేను అమ్మతో చెప్పబోయే మాట వల్లె వేసుకున్నాను.

"పన్నెండూ నడిచావా?" ముద్రల మీద వేళ్ళు పోనిస్తూ అడిగింది అమ్మ.

"నడిచానమ్మా. అక్క కర్రను విమానంలోకి రానివ్వలేదు."

"నా తల్లే," అంది. ఆ మాట కోసం నలభై ఏళ్ళు ఎదురుచూశాను.

అమ్మ మంచం దిగి కర్ర పట్టుకుని నిలబడింది. మోచెయ్యి పైకి లేచింది, భుజం చెవి దాకా వచ్చింది. పక్కకు తూలబోతే గబుక్కున పట్టుకున్నాను.

అమ్మ కర్ర వైపు చూసింది. తర్వాత నన్ను పై నుంచి కింది దాకా చూసింది. నా పదిహేనో ఏటి నుంచి మా ఇద్దరిదీ ఒకటే కొలత. నాకు కుట్టింది అమ్మ వేసుకుంటుంది, అమ్మకు కుట్టింది నేను వేసుకుంటాను. పాతికేళ్ళుగా మెడలో టేపు వేసుకుని తిరుగుతున్నదాన్ని, చేతిలో ఉన్న కర్రను కొలిచి చూడాలని తోచలేదు.

"ఇది పెద్దదాని కర్ర," అంది అమ్మ. "నీదేదే?"

"అక్కడే పడేశాను."

"నాకు అచ్చంగా సరిపోయేది కదే అది."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "రంపం తీసుకురా" అంది. అమ్మ మణికట్టు నుంచి నేల దాకా టేపు పట్టి, సుద్దతో గీత గీసి నేనే కోశాను. అయిదంగుళాల ముక్క కింద పడింది. దాని మీద మూడు ముద్రలు. దాన్ని మిషను సొరుగులో దాచాను.

మర్నాడు సాయంత్రం అక్క వచ్చింది. అమ్మ గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి చూపించింది. అక్క వంగి కర్ర మీది ముద్రలు లెక్కపెట్టింది.

"తొమ్మిది. నీ కర్ర అమ్మకు భలే కుదిరిందే పొట్టీ." నడుం నిటారు చేసి మళ్ళీ అంది. "నాకైతే కుళ్ళుగా ఉంది. చెప్పకూడదు గానీ, విమానంలో ఏడ్చాను కూడా. ఎప్పుడూ నువ్వే కదా అమ్మ దగ్గర. నా కర్రయినా ఉంటుందనుకున్నా."

అక్క నన్ను చూసి కుళ్ళుకుంటే వినాలని చిన్నప్పటి నుంచీ నా కోరిక. తీరా విన్నాక నా చెయ్యి మిషను సొరుగు మీదికి వెళ్ళింది. అమ్మ కర్ర మీద ఆనుకుని నా వైపే చూస్తూ నిలబడింది.

సొరుగు తెరిచి, ఆ ముక్క తీసి అక్క అరచేతిలో పెట్టాను. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అమ్మ మంచం మీద కూర్చుని కర్రను కాస్త పైకెత్తి పట్టుకుంది. అక్క నేల మీద కూర్చుని, ముక్కను కర్ర అడుగున ఆనించి, కింది నుంచి వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పన్నెండు పూర్తయ్యాక కూడా తలెత్తి నన్ను చూడలేదు.