తాత మీద నేర్చుకున్న పాఠాలు

వరదకి బడి మునిగిపోయాక, బ్రెన్నా చదివే నర్సింగ్ సహాయకుల క్లాసు మొత్తం ఫోన్లోకి వచ్చేసింది. వెర్నా టీచర్ ఎక్కడెక్కడి వీడియోలు వెతికి, పనికొచ్చేవి ఏరి పిల్లలకి పంపేది. కెంటకీ కొండల్లో వాళ్లుండే లోయకి సిగ్నల్ అందదు. అందుకని బ్రెన్నా ఫైర్ స్టేషన్ దాకా కారులో వెళ్లి, పాఠాలు ఫోన్లోకి దించుకుని వచ్చేది.

బడిలో అయితే నేర్చుకోడానికి మనిషంత బొమ్మలుండేవి. ఇంట్లో ఉన్నది తాత ఆర్బిన్ ఒక్కడే. గనిలో పీల్చిన బొగ్గు దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, పక్కన గురగురలాడే మిషను.

"తాతా, కుడివైపు తిప్పుతున్నా. చెయ్యి గుండెల మీద పెట్టుకో."

"ఆ వీడియోలో పేషంటుని చూడవే! దగ్గడు, విసుక్కోడు, తిట్టడు. అలాంటివాడు దొరికితే నేనూ నర్సునే."

"మాట్లాడకు. ఊపిరి లెక్క తప్పుతోంది."

"ఉన్నవే నాలుగు. వాటికి లెక్కొకటా?" అని నవ్వబోయాడు. నవ్వు కాస్తా దగ్గయింది.

ఆకులు రాలేకాలంలో మళ్లీ కుండపోత. వాగు వంతెనని ఊడ్చుకుపోయింది. ఆ పొద్దున ఆర్బిన్ కాఫీ వద్దన్నాడు. "కిటికీ తెరువే" అన్నాడు. ఆమె తెరిచి వెనక్కి తిరిగేసరికి ఆయన ఊపిరి ఆగిపోయింది. ఛాతీ నొక్కి బతికించే పాఠం బ్రెన్నాకి బాగా వచ్చు. అలా చెయ్యొద్దని ఆయన ముందే మాట తీసుకున్నాడు. తన చేతులు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

వంతెన లేనిదే రాలేమన్నారు శవపేటికల వాళ్లు. బ్రెన్నా ఇంటి ఫోను నుంచి టీచర్‌కి చేసింది.

"చివరి పాఠం చూశావా, అమ్మలూ? పోయినవాళ్లని శుభ్రం చేసేది."

"లేదు టీచర్. తెరవబుద్ధి కాలేదు."

"సరే, తెరవకు. నేను చెబుతా. ముందు ఆయన్ని పిలువు. ఏం చేస్తున్నావో చెప్పి చెయ్యి. వినిపించదులే అని ఊరుకోకు."

బ్రెన్నా గోరువెచ్చటి నీళ్లు తెచ్చింది. "తాతా, మొహం తుడుస్తున్నా." గుడ్డ పిండి, మళ్లీ చెప్పింది. మెడ, భుజాలు, చేతులు. ఒక్కచోట ఆగి రుద్దుతూనే ఉంది.

"ఏమైందమ్మా?"

"చేతి మీద నీలం మచ్చలు టీచర్. పోవట్లేదు."

"అది చర్మంలోకి దిగిన బొగ్గు, తల్లీ. మా నాన్నకీ పోలేదు. వదిలెయ్."

మర్నాడు ఇరుగుపొరుగు మగాళ్లు నడుంలోతు నీళ్లలో దిగి, అవతల నుంచి పేటిక తెచ్చి, తాతని అందులో ఉంచి భుజాల మీద వాగు దాటించారు. నీళ్లు తగ్గాక, వారం తిరక్కుండా ఆక్సిజన్ కంపెనీ మనిషి వచ్చి మిషను పట్టుకుపోయాడు. ఆ గురగుర లేక ఇల్లంతా చెవులు మూసుకున్నట్టయింది.

వసంతంలో పరీక్ష. బ్రెన్నా ఎక్కడా తడబడలేదు. బయట కారు దగ్గర వెర్నా టీచర్ ఎదురుచూస్తోంది.

"ఎలా అయింది?"

"పాసయ్యాను."

"మరి ఆ మొహమేంటి?"

"ఇంటికెళ్లి ఎవరికి చెప్పను టీచర్?"

టీచర్ ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది. పరీక్ష రాసినవాళ్లందరూ వెళ్లిపోయేదాకా ఇద్దరూ ఆ కారుకి ఆనుకునే నిలబడ్డారు.