ముందు పడటం నేర్చుకో

సిమెంటు మీద చక్రాల చప్పుడు. పొడిగా... ఎవరో పళ్ళు నూరుతున్నట్టు.

ఆ చప్పుడు వినిపిస్తే చాలు, బసీలియా కిటికీ మూసేది.

ఎల్మెర్ పోయిన దగ్గర్నుంచీ అంతే.

ఎల్మెర్ ఆమె కొడుకు. డెలియాకి అన్న. కొండల మీంచి యుంగాస్ అడవుల్లోకి దిగే దారి. దారంతా పొగమంచు. మినీబస్సు జారింది — కింద లోయ.

అతని స్కేట్‌బోర్డు మాత్రం మంచం కింద మిగిలింది.

ఒక మధ్యాహ్నం, అమ్మ సంతకి వెళ్ళాక, డెలియా దాన్ని చారల దుప్పట్లో చుట్టింది. చంటిబిడ్డలా వీపున కట్టుకుంది. పిల్లలు స్కేటింగ్ చేసే సిమెంటు మైదానానికి నడిచింది.

అక్కడ పిల్లలకు నేర్పేది యోవానా. కుచ్చుల పావడా, జోడు జడలు, మోకాలి మీద పాత మచ్చ.

"ఎక్కడం తర్వాత. ముందు పడటం నేర్చుకో," అంది. "మోకాళ్ళు వంచు. పక్కకి వాలు."

డెలియా పడింది.

మళ్ళీ పడింది.

మోచెయ్యి చీరుకుపోయింది. ఏడవలేదు.

"ఏంటే, రాయివా నువ్వు?" ఒక పిల్ల వెక్కిరించింది.

"నొప్పెడితే అరిచెయ్యమ్మా," యోవానా అంది. "ఇక్కడ ఎవరూ ఏమనుకోరు."

డెలియా అరవలేదు. అన్న పోయినప్పుడూ అరవలేదు. ఆ ఇంట్లో అమ్మ ఏడుపుకే చోటు చాలలేదు.

వానలు మొదలయ్యేలోగా నిలబడటం వచ్చింది. తర్వాత జారడం. చెవుల్లో చల్లగాలి. అన్న పాదాలు అరగదీసిన చోటే తన పాదాలు...

ఒకరోజు మెట్ల మీంచి దూకింది.

బోర్డు రెండు ముక్కలైంది.

అప్పుడు అరిచింది. ఎంతగానంటే — మైదానంలో చక్రాలన్నీ ఆగిపోయాయి. యోవానా వచ్చి పక్కన కూర్చుంది. ఏడుపు ఆపమనలేదు.

డెలియా రెండు ముక్కలూ ఇంటికి తెచ్చింది. బసీలియా బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. కత్తి పక్కన పెట్టింది. కొడుతుందనుకుంది డెలియా.

అమ్మ ముక్కల్ని ఒళ్ళోకి తీసుకుంది. అరిగిన చోట వేలితో తడిమింది.

"వాడిలాగే ఎడమకాలు ముందు పెడతావా?"

"ఊఁ."

బసీలియా విరిగిన అంచులు రెండూ కలిపి చూసింది.

"అక్కడేం నేర్పుతారే?"

"పడటం."

బసీలియా లేచింది. పావడాకంటిన తొక్కలు దులుపుకుంది.

"నాకూ నేర్పు."

మోకాళ్ళు వంచమంది డెలియా. వంచింది. పక్కకి వాలమంది.

అమ్మ వాలింది.

వాలి... లేవలేదు.

లేవమని డెలియా అనలేదు. చల్లటి నేల మీద, వెక్కుతున్న అమ్మ వీపుకి ఆనుకుని పడుకుంది.