పురుగంటే పురుగే అనుకున్నారు

“క్యాన్సర్” అన్న మాట డాక్టరమ్మ నోట్లోంచి వచ్చాక కూడా కాజాలమ్మ తల ఊపుతూనే ఉంది, బట్టలు కుట్టించుకునేవాళ్లు కొలతలు చెబుతుంటే ఊపినట్టు. మాట చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు.

ఆమె అసలు పేరు ఎవరూ వాడరు. మొగుడు చొక్కాలు కుడితే ఈమె కాజాలు కుట్టి గుండీలు వేస్తుంది కాబట్టి వీధి వీధంతటికీ కాజాలమ్మే. ఆ మొగుడు, అదే టైలరు, పక్క కుర్చీలో కూర్చుని తన పొట్ట వంక తనే చూసుకుంటున్నాడు. అదేదో పక్కింటివాళ్ల పొట్టయినట్టు.

“మొన్న కడుపులోకి గొట్టం వేసి తీసిన ముక్కలో తేలింది,” అంది డాక్టరమ్మ. “ఇదివరకెప్పుడైనా కడుపుకి పరీక్ష చేయించారా?”

మొగుడి బదులు కాజాలమ్మే అందుకుంది.

“చేయించామండి, మా అమ్మాయి పెళ్లికి ముందు. మంట మంట అంటుంటే వేరే ఆస్పత్రికి వెళ్లొచ్చారు. కడుపులో పురుగుందన్నారట. అప్పుడే మందేసి చంపేశాం.”

“ఏం మందు?”

“నులిపురుగుల బిళ్లండి. పిల్లల చేత నమిలిస్తారే, అది.”

డాక్టరమ్మ చేతిలో కలం ఆగిపోయింది. “వాళ్లిచ్చింది అదేనా?”

“అబ్బే, వాళ్లు సంచీ నిండా ఇచ్చారు. రెండు వారాలపాటు పొద్దునా సాయంత్రం గుప్పెడేసి మింగమన్నారు. మూడో నాటికే ఈయన నోరు ఇనుము నాకినట్టుందని అన్నం మానేశారు. పురుగుని చంపమంటే మనిషిని చంపేలా ఉన్నారే అని నేనే ఆపించాను. మంట తగ్గించే బిళ్లలు మాత్రం ఉంచి, నులిపురుగుల బిళ్ల వేశాను. మర్నాడు పొద్దున్నే ఈయన దొడ్డికెళ్లొచ్చి, పురుగేమీ పడలేదే అన్నారు. లోపలే అరిగిపోయుంటుంది లెండి అన్నాను. మంట కూడా తగ్గిపోయింది. మంట తగ్గిందంటే అది చచ్చినట్టే కదండీ?”

డాక్టరమ్మ కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది.

“ఆ పురుగు ఈ పురుగు కాదమ్మా. కంటికి కనబడనంత చిన్నది. బాక్టీరియా. మాకు చెప్పడం చేతకాక పురుగనేస్తాం. అది పొట్ట గోడకి ఉన్న జిగురు కింద దాక్కుంటుంది. ఏళ్ల తరబడి అక్కడే ఉండి గోడని వాచేలా చేస్తుంది, పుండు పెడుతుంది. ఆ గోడే చివరికి దారి తప్పి క్యాన్సరవుతుంది. మంట బిళ్ల మంటని ఆపుతుంది, దాన్ని చంపదు.”

“ఇన్నేళ్లూ లోపలే ఉందా?” ఇది టైలరు గొంతు. గదిలోకి వచ్చాక అతను మాట్లాడిన మొదటి మాట.

“ఉంది. ఇది ఉన్న అందరికీ క్యాన్సర్ రాదు, కొద్దిమందికే వస్తుంది. కొందరి క్యాన్సర్ గడ్డలో ఒక వైరస్ జాడ కూడా దొరుకుతుంది, మీ ముక్కని ఆ పరీక్షకీ పంపాం. ఆనాడు మందు పూర్తిగా వాడినా వచ్చేదేమో, నేను ఒట్టేసి చెప్పలేను. కానీ ముప్పు తగ్గేది.”

కాజాలమ్మ తల ఊపడం ఎప్పుడు ఆగిందో ఆమెకే తెలియదు.

“నేనే కదండీ ఆపింది,” అంది మొగుడితో.

“నోరు చేదని చిన్నపిల్లాడిలా మారాం చేసింది నేను. నీ మీదెక్కడ తోస్తాను?” అని టైలరు డాక్టరమ్మ వైపు తిరిగాడు. “ఇప్పుడేంటి దారి?”

“స్కాన్ తీయాలి. పొట్ట దాటి పాకకపోతే, ఆ భాగం కోసి తీసేయొచ్చు. పాకితే మాత్రం కష్టం.”

స్కాన్ గది బయట బల్ల మీద కాజాలమ్మ ఒక్కతే కూర్చుంది. మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ ఇద్దర్నీ మళ్లీ పిలిచింది.

“పాకలేదు. కోయొచ్చు.”

“చూసి కత్తిరించండి,” అన్నాడు టైలరు. “ఎక్కువ కత్తిరిస్తే మా వృత్తిలో అతుకు పడదు.”

డాక్టరమ్మ నవ్వింది. కాజాలమ్మకి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు.

“మీరూ పరీక్ష చేయించుకోవాలమ్మా. ఇది ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది.”

“నాకేం ఉందండీ? రాయి తిన్నా అరిగిపోతుంది. మంటే లేదు.”

“చాలామందికి మంట ఉండదు. అయినా ఉంటుంది.”

“కంటికి కనబడనిది ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?”

“ఈ పరీక్ష సంచీలోకి ఊదండి, మీ ఊపిరే చెబుతుంది. ఉంటే మందు పూర్తిగా వాడాలి, తర్వాత మళ్లీ ఊదాలి. పోయిందని పరీక్ష చెప్పేదాకా నమ్మకూడదు.”

సంచీ మూతికి చిన్న గొట్టం ఉంది. కాజాలమ్మ దాన్ని నోట్లో పెట్టుకుంది. టైలరు ఆమె భుజం మీద చెయ్యి వేసి, “ఊదవే,” అన్నాడు మెల్లిగా.

ఆమెకి ఊపిరి రాలేదు.